కోత ఆపమన్న వేళ

స్కోన్ బన్నుల మీద జామ్ ముందా మీగడ ముందా అని ఇప్పుడు తగువేమిటి వీళ్ళకి, నిన్న నూటయాభై ఎకరాల బార్లీ బూడిదయింది, ఆ పొగ వాసన రెండుసార్లు తలంటుకున్నా జుట్టు వదల్లేదు, అనుకుంటూ రాస్లిన్ టీ కప్పు అందుకుని తాగబుద్ధి కాక మళ్ళీ బల్ల మీద పెట్టేసింది, మహిళా సంఘం హాల్లో పదిహేను మంది, నడి ఎండాకాలంలో, ఈ డిసెంబరు కోతల్లో మగాళ్ళు మిషన్లు దిగరు గనక ఈ ఊరి అగ్నిమాపక దళమంటే ఈ ఆడవాళ్ళే, మూడేళ్ళుగా కెప్టెన్ తను, ఎండనూ గాలినీ కలిపి నిప్పు ప్రమాదం లెక్కగట్టే పట్టికలో అంకె నలభై దాటితే కోతలు ఆపండని రేడియోలో చెప్పాల్సింది తనే, నిన్న పదకొండింటికి నలభై రెండు చూసింది, చూసి రేడియో అందుకుని మళ్ళీ పెట్టేసింది, కిటికీలోంచి మొగుడు క్లైవ్ మిషన్ కనిపిస్తోంది, కోయడానికి ఇంకొక్క చాలు మిగిలింది, రేపు వానంటున్నారు, తడిస్తే గోధుమ పశువుల దాణాకే, ఒక్క చాలేగా అనుకుంది, ఇరవై నిమిషాలు పట్టింది, ఆ ఇరవై నిమిషాల్లోనే పక్కపొలంలో డోరీ మిషన్ బేరింగు నిప్పులు కక్కింది.

ఎవరికి తెలుసులే, ఊరుకో, అన్నాడు పొద్దున క్లైవ్, నిజమే, అంకె చూసింది తనొక్కతే, ఎదురుగా డెబ్బై ఏళ్ళ డోరీ, కనుబొమలు కమిలిపోయి, మొగుడు లెన్ పోయాక ఒంటరిగా విత్తిన మొదటి పంట ఆ కాలిపోయిన బార్లీ, ఒసేయ్ రాస్లిన్, అలా గుడ్లప్పగించి చూడకు, కనుబొమలు లేకపోతే నా వయసు తెలీదట, అంటోంది, అందరూ నవ్వుతున్నారు, నవ్వొద్దే, ఈ టీగన్‌కి నువ్వన్నా చెప్పు, నీకు డెప్యూటీగా ఉండమంటే ఉండనంటోంది, నావల్ల కాదమ్మా, అంటోంది టీగన్, చంకలో పిల్ల, ఒంటిమీద నర్సు బట్టలు, ఇద్దరు పిల్లలు, ఆస్పత్రి డ్యూటీలు, నేను రాస్లిన్‌లా ఎక్కడుంటాను, ఆవిడ మాట ఒక్కసారైనా తప్పిందా, చెబితే రేపు తన మాట మీద ఎవరు మిషన్ ఆపుతారు, చెప్పకపోతే టీగన్ తనలా కాలేనని ఇంటికి పోతుంది, డోరీ తన ముఖం చూసి నవ్వుతూనే ఉంటుంది, జీవితమంతా, లేచింది, పదకొండింటికే నలభై దాటింది, నేను చెప్పలేదు, మా చాలు అవ్వాలని ఆగాను, అనేసింది.

డోరీ జామ్ రాస్తున్న కత్తి కింద పెట్టింది, నీ దుంపతెగ, ఏడాదిపాటు తిడతాను నిన్ను, ఇప్పుడే చెబుతున్నా, అంది, గొంతు మాత్రం తిట్టులా లేదు, బొంగురుపోయింది, నిన్న గాలికి నా టోపీ రెండుసార్లు ఎగిరిపోయిందే, దిగి తెచ్చుకున్నా, ఆపుదామా అనిపించింది, రాస్లిన్ చెప్పలేదుగా అని మళ్ళీ ఎక్కాను, మేమూ అంతే, అంది వెనక నుంచి ఎవరో, దుమ్ము లేవడం చూశాం, నీ మాట కోసం కూచున్నాం, రాస్లిన్‌కి వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే కనిపించాయి, యాభై ఏళ్ళు గాలి చూసి కోసుకున్న డోరీ టోపీ ఎగిరినా తన మాటకే ఎదురుచూసింది, ఎప్పుడూ తప్పని మనిషిలా తను నిలబడ్డకొద్దీ వీళ్ళంతా ఆకాశం వైపు చూడడం మానేశారు, తనకది బాగుండేది, అవును, బాగానే ఉండేది, మీ పొలంలో గాలి ఎలా ఉంది అని ఈ మూడేళ్ళలో తను ఎవర్నీ అడగలేదు.