మొక్కకు మొక్క

భోగాపురం దాటాక ట్రంకు రోడ్డు పక్కన జోగయ్య నర్సరీ ఉండేది. రెండెకరాల నేల, పన్నెండు సువర్ణరేఖ మామిడి తల్లిచెట్లు, ఒక నుయ్యి, ఎండ తగలకుండా వేసిన తాటాకుల పందిరి, దాని కింద వరసలుగా మట్టికుండీలు. ఇరవై ఏళ్లు జోగయ్య ఆ వ్యాపారాన్ని నోటిలెక్కల మీదే నడిపాడు. మేనల్లుడు గణపతిరావు విజయనగరంలో బీకాం ప్యాసై వచ్చాకనే అక్కడికి పద్దు పుస్తకం, బిల్లు పుస్తకం వచ్చాయి. ఆ ఇంటిలో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే. అందుకని మావ మారుమాట లేకుండా లెక్కలన్నీ అతని చేతిలో పెట్టాడు.

అరవై ఎనిమిది సెప్టెంబరులో ఆ లెక్కలతో పెద్ద అవసరమే వచ్చిపడింది. నూతిమీద ఆయిలింజను పెట్టడానికి బ్యాంకుని మూడువేలు అప్పు అడిగారు. సోమవారం లెక్కలు పట్టుకు రమ్మని బ్యాంకువాళ్లు కబురుపెట్టారు. అంతకుముందు ఎండాకాలం ఆరుగురు కావిళ్లతో మోసినా నీళ్లు చాలక రెండొందల మొక్కలు పందిరి కిందే మాడిపోయాయి. ఇంకో ఏడు అలాగే జరిగితే నర్సరీ ఎత్తెయ్యాల్సిందేనని జోగయ్య నలుగురిలోనూ అనేశాడు.

గణపతిరావు లెక్క తేల్చాడు. ఖర్చులు పోను ఎనిమిది వందల పన్నెండు రూపాయల లాభం. అందులో తొంభై రూపాయలు తన తెలివితో మిగిలినవని అతనికి లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

అంటు కట్టాలంటే టెంక మొక్క ఉన్న కుండీని తల్లిచెట్టు కొమ్మ దగ్గరికి ఎత్తి నిలపాలి. రెండింటి బెరడూ చెక్కి, అవి అతుక్కునేలా అదిమి కట్టాలి. కట్టడానికి అరటినార వాడేవారు. నార ఎండి వదులవుతుంది, రెండు మూడుసార్లు తిరగ్గట్టాలి. ఆ పని దాలమ్మది. ఆమెకూ తోడు మనిషికీ ఏడాదికి తొంభై ఆరు రూపాయలు కూలి. ఆ పద్దు గణపతిరావు కంట్లో నలుసులా పడింది. సముద్రపొడ్డున గంగులు అనే అతను కొత్తరకం నైలాను వలలు అల్లుతున్నాడని విని, వెళ్లి వాటిలో మిగిలిన ముక్కదారం ఆరు రూపాయలకి తెచ్చాడు. ఒకసారి బిగిస్తే ఇక ముట్టుకోనక్కర్లేదు. నిరుడు అంట్లన్నీ దానితోనే కట్టించాడు. కార్తీకంలో మూడొందల ఎనభై అంట్లు, ఒక్కోటి రూపాయి ముప్పావలా చొప్పున నలభై ఒక్కమందికి అమ్మాడు.

శుక్రవారం పొద్దున్న పక్క ఊరి రైతు కూర్మయ్య తడిగుడ్డలో చుట్టిన మొక్క తెచ్చి పందిరి ముందు పెట్టాడు. ఇక్కడ కొన్న మొక్క ఏడాదిలోపు చస్తే మొక్కకు మొక్క ఇవ్వడం జోగయ్య పెట్టిన కట్టుబాటు. గణపతిరావు ఊరికే ఇచ్చే మొక్కల పద్దు తీసి రాయబోయాడు. ఈ మొక్క ఎండిపోలేదని, నిన్నటి గాలికి నడుం దగ్గర పుటుక్కున విరిగిందని కూర్మయ్య చెప్పాడు. కొన్న పన్నెండింటిలో మూడు అలాగే పోయాయట. ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి.

కట్టు దగ్గర కాండం ఉబ్బి, దారం లోపలికి దిగిపోయి ఉంది. దాలమ్మ దగ్గరికొచ్చి వేలితో తడిమి చూసింది.

"నారైతే ఈపాటికి కుళ్లి రాలిపోను బాబూ. ఇది కుళ్లదు గదా. సెట్టు లావెక్కుతున్నాది, కట్టు లావెక్కదు."

మొక్క అమ్మేటప్పుడు కట్టు విప్పే అలవాటు ఆ నర్సరీలో ఎవరికీ లేదు. నార తనంతట తనే ఊడిపోయేది గనక అవసరమే రాలేదు. గణపతిరావు సైకిలు తీసి కూర్మయ్య వెనకే అతని తోటకి వెళ్లాడు. మిగిలిన తొమ్మిదింటికీ దారం కాండంలోకి దిగుతోంది. గెడ్డం గీసుకునే బ్లేడుతో జాగ్రత్తగా కోశాడు. ఒక మొక్కకి బెరడు తెగి పాలు కారాయి. వచ్చేదారిలో మూడొందల ఎనభైనీ రూపాయి ముప్పావలాతో హెచ్చవేసుకున్నాడు. ఆరువందల అరవై అయిదు. అన్నీ పోతే ఆ లాభంలో మిగిలేది నూట నలభై ఏడు.

భోజనాల దగ్గర మావకి ఉన్నదున్నట్టు చెప్పాడు. జోగయ్య అన్నం కలుపుతూ అడిగాడు.

"ఎన్ని సచ్చినాయిరా?"

"ఇప్పటికి మూడు, మావా."

"అయితే మూడే రాయి. రేపు సచ్చేవాటిని ఇయ్యాల రాయమని ఏ బ్యాంకోడు అడుగుతాడు? అబద్ధం ఏటున్నాది ఇందులో?"

అందులో అబద్ధం లేదని గణపతిరావుకీ తెలుసు. కాగితం మీద ఎవరూ తప్పు పట్టలేరు. ఇంజను వస్తుంది, మొక్కలు చచ్చాక ఎవరి తోటలో ఎన్ని పోతే అన్ని ఇచ్చుకుంటూ పోవచ్చు. కాని సోమవారం దాకా ఆగితే బ్లేడుతో బతికే మొక్కలు కూడా ఈలోపల విరుగుతాయి; ఇప్పుడే తిరిగితే పోయినవన్నీ లెక్కకెక్కుతాయి. అతను లేచి చెయ్యి కడుక్కుని బిల్లు పుస్తకం తెచ్చాడు.

"నలభై ఒక్క పేర్లూ, ఊళ్లూ ఇందులో ఉన్నాయి మావా. సోమవారం బ్యాంకుకి ఎల్లను. రేపట్నించే ఈ ఊళ్లకి ఎల్తాను."

మామిడి మొక్కకి పేరెందుకు, ఊరెందుకు అని ఆ పుస్తకం వచ్చిన రోజున జోగయ్యే వేళాకోళం చేశాడు. ఇప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చదవడం రాదు. "బండి కట్టించుకో, సైకిలు మీద ఎన్ని ఊళ్లు తిరుగుతావు" అని మాత్రం అని లేచిపోయాడు.

తన చేతికంటే దాలమ్మ చెయ్యి నయమని గణపతిరావు ఆమెను కూడా రమ్మన్నాడు. రోజుకి రూపాయి పావలా ఇస్తానన్నాడు.

"నిరుడు నాకియ్యకుండా మిగిల్సిన కూలేనా బాబూ ఇది?" అంది దాలమ్మ బండెక్కుతూ. అతను నవ్వలేకపోయాడు. ఆమె మాత్రం నవ్వుకుంటూనే చీరకొంగులో బ్లేళ్ల పొట్లం ముడేసుకుంది.

పద్దెనిమిది రోజులు తిరిగారు. కొందరు మజ్జిగ ఇచ్చారు, కొందరు నిలబెట్టి తిట్టారు. ఒకాయన, చెడ్డ మొక్కలు అమ్మి ఇప్పుడు వైద్యం చెయ్యడానికి వచ్చారా అని తోటలో అడుగు పెట్టనివ్వలేదు. మర్నాడు మళ్లీ వెళ్తే రానిచ్చాడు. ఆఖరికి పోయినవి నూట ఇరవై ఏడు, దక్కినవి రెండొందల యాభై మూడు. బండికి, కూలికి అరవై నాలుగు రూపాయలైంది.

అక్టోబరులో గణపతిరావు కొత్త లెక్క పట్టుకుని బ్యాంకుకి వెళ్లాడు. అన్నీ పోను లాభం అయిదు వందల పాతిక రూపాయల డెబ్భై అయిదు పైసలు. ఊరికే ఇవ్వాల్సిన మొక్కలు అన్నెందుకని బ్యాంకాయన అడిగాడు. దారం సంగతి చెప్పాడు. ఆయన కాగితాలు మడిచి, ఇవ్వాల్సిన మొక్కలన్నీ ఇచ్చేశాక వచ్చే ఏడు మళ్లీ రమ్మన్నాడు.

తరవాతి ఎండాకాలానికీ ఇంజను లేదు. ఆరుగురు కూలీల బదులు అయిదుగురిని పెట్టి, ఆరో కావిడి గణపతిరావు తనే భుజానికెత్తుకున్నాడు. మొదటివారం భుజం తోలు లేచిపోయింది. "బీకాం కావిడి" అని కూలీలు పేరు పెట్టారు. పందిరిలో తూర్పు పక్కన నూట ఇరవై ఏడు కుండీలు విడిగా పెట్టించాడు. ఒక్కో కుండీకి తాటాకు ముక్క గుచ్చి దానిమీద పేరు రాశాడు. వాటికి ముందు పోసి, తరవాతే అమ్మకపు మొక్కలకి పోసేవాడు. నీళ్లు చాలని రోజుల్లో జోగయ్య తనే వచ్చి, ఎండ కొట్టకుండా ఆ కుండీల మీద ఇంకో పొర తాటాకు కప్పించాడు.

జూన్లో తొలి వాన పడ్డాక కూర్మయ్య వచ్చాడు. మూడు కుండీలూ బండిలో ఎత్తించుకుని, నిరుడు కట్లు కోసిన తొమ్మిదీ చిగురేశాయని చెప్పాడు. పోతూ పోతూ ఇంకో అయిదు కావాలని డబ్బు తీశాడు.

"ఉండు, మా మేనల్లుడు నీ పేరు రాసుకోవాలి" అన్నాడు జోగయ్య.