తెరవేళ

“బొంగరం! ఒసే బొంగరం! ఎక్కడ చచ్చావే?”

టికెట్ల గదిలోంచి పిన్ని కేక. నాటకంలో రాజుగారి కోటుకి గుండీ కుడుతున్న అమ్మాయి దారం పళ్ళతో కొరికేసి పరుగెత్తింది. ఒక్కచోట నిలవదని ఆమెకా పేరు.

“మీ బాబాయికి గొంతు పోయింది. పొద్దుట్నించీ వడ్రంగి మీద అరుస్తూనే ఉన్నాడుగా! ఇవాళ తెరవేళ నువ్వే పిలవాలి.”

టికెట్ మీద ఉండేది తలుపులు తీసే టైము. తెరవేళ వేరు. జనం కూర్చుని, దగ్గులన్నీ దగ్గేసి, మోకాళ్ళు సర్దుకుని, హాలంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టే క్షణం అది. బాబాయి దాన్ని కనిపెట్టి రంగం పక్క చాటునుంచి “తెరవేళ!” అంటాడు. తెర దానంతటదే లేస్తుంది. తాడూ లేదు, చక్రమూ లేదు. వీధి వీధంతా ఆ మాటే వాడుతుంది. పిల్లల్ని “తెరవేళకల్లా ఇంట్లో ఉండాలి” అని బెదిరిస్తారు. ఎదురుకొట్టు టైలరైతే, పెళ్ళెప్పుడని అడిగితే, “నాకింకా తెరవేళ కాలేదండీ” అంటాడు.

తెరకి ఒకటే పట్టింపు. మనసులో మాట దాచుకున్నవాళ్ళు పిలిస్తే లేవదు. ఒకసారి బాబాయి పిన్ని కాఫీ కప్పు పగలగొట్టి చెప్పలేదు. ఆరోజు నాటకం ఆయన క్షమాపణతోనే మొదలైంది.

“నావల్ల కాదు. నువ్వు పిలు పిన్నీ.”

“నేనా? నా కడుపులో ఉన్నవన్నీ కక్కేసరికి తెల్లారుతుంది. నీకేముందే దాచుకోడానికి!”

నిచ్చెన మీద లైట్ల అబ్బాయి దీపానికి నీలం కాగితం బిగిస్తున్నాడు. ఈ ఆట అయ్యాక, పొద్దున్న బండికి వేరే ఊళ్ళో పెద్ద హాలుకి వెళ్ళిపోతున్నాడు. ఆ ఊరి పేరు వింటేనే బొంగరానికి సూది వేలికి గుచ్చుకుంటోంది.

హాలు నిండింది, ఊపిరి బిగబట్టింది. బొంగరం పిలిచింది:

“తెరవేళ!”

తెర అంచు కూడా కదల్లేదు.

“ఏదో దాచిందిరోయ్!” అన్నాడెవరో. “చెప్పెయ్ తల్లీ, మేమెవరికీ చెప్పంలే” అని ముందు వరస ముసలాయన. హాలంతా నవ్వు.

“రాజుగారి కోటు... నేనే కురచ చేశాను,” అంది బొంగరం.

తెర మూరెడు లేచి ఆగింది. కింద రాజుగారి చెప్పులు కనిపించాయి. “అది తొడుక్కున్నప్పుడే తెలిసిందమ్మా,” అన్నాడాయన లోపల్నుంచి, “అసలుది చెప్పు. కిరీటం బరువుగా ఉంది.”

ఆమె చెవులు వేడెక్కిపోయాయి. నిచ్చెన వైపు తలెత్తింది.

“వెళ్ళొద్దు,” అంది. “నువ్వంటే నాకిష్టం. నువ్వు దీపం వెలిగించిన ప్రతిసారీ నాకు కుట్లు తప్పుతున్నాయి.”

తెర ఝుమ్మని పైదాకా లేచింది. అయితే రంగం మీద చిమ్మచీకటి. రాజుగారు చెయ్యెత్తి నిలబడే ఉన్నాడు.

“లైటు, నాయనా, లైటు!”

నిచ్చెన మీంచి నెమ్మదిగా ఒక గొంతు, హాలంతా వినేలా:

“నాకూ నువ్వంటే ఇష్టమే. పొద్దున్న బండి దాని దారిన అది పోనీ.”