పన్నెండు రోజుల పార్సెల్

షాలేమ్ రాజు రేడియేటర్ మూతికి రబ్బరు బిరడా బిగించి, నీళ్ళ తొట్టిలో ముంచి, పంపు నాలుగుసార్లు కొట్టాడు. ఎడమ మూల నుంచి బుడగలు లేచాయి. అక్కడ మేకుతో గీత గీసి పైకి తీశాడు. ఇత్తడి రేడియేటర్లకు మాట్లు వేసుకునే రోజులు పోయాయి. ఇప్పుడన్నీ అల్యూమినియమూ ప్లాస్టిక్కూ. కారితే పారేసి కొత్తది వేసుకుంటారు. అయినా కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ గోడనానుకుని ఉన్న ఆ రేకుల షెడ్డును ఆయన ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ ఎనిమిదింటికి తెరుస్తూనే ఉన్నాడు. తెరవకపోతే ఇంట్లో కూచోవాలి. ఇంట్లో ఎవరున్నారు గనక?

భార్య దయామణి కిడ్నీ జబ్బుతో పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. చర్చిలో అందరూ ‘వందనాలు బ్రదర్’ అంటారు, చెయ్యి కలుపుతారు, ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఎవరి సంసారం వాళ్ళది. ఆయనతో కూచుని అన్నం తినే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఢిల్లీరావు, బారువ మనిషి. పికప్ బండికి ట్రైలరు తగిలించి, మరమ్మతుకు పోయే పడవలను ఊరూరా లాగుతుంటాడు. నాలుగేళ్ళుగా ఒంటిగంటకు షెడ్డు దగ్గర బండి ఆపి, క్యారేజీ విప్పి, చేపల కూరలో సగం ఈయన కంచంలో వేస్తాడు. మాటలు తక్కువే. ఎదురుగా ఒక మనిషి నములుతున్న చప్పుడుంటే అన్నం లోపలికి దిగుతుంది, అంతే.

ఆ ఢిల్లీరావు ఊరు విడిచి పోతున్నాడు. ఒడిశాలోని పారాదీప్‌లో బావమరిది పడవలు లాగే పని మొత్తం అప్పజెపుతానన్నాడట. అడ్డం ఒక్కటే. అతని బండి గేర్లు వాటంతటవే మారే రకం. ఉత్తప్పుడు హాయిగా పోతుంది. వెనక పడవ తగిలిస్తే మాత్రం ఇరవై కిలోమీటర్లకే గేర్ బాక్సు నూనె కాగిపోయి స్టీరింగు ముందు ఎర్రలైటు వెలుగుతుంది. నూనెను చల్లార్చే కూలరు ఇంకా పెద్దది వేయాలి. విశాఖ నుంచి తెప్పించి బిగిస్తానని షాలేమ్ రాజే మాటిచ్చాడు.

అది వచ్చి పన్నెండు రోజులైంది. ఆయన లేనప్పుడు వస్తే పక్క టీ బడ్డీ మంగ సంతకం పెట్టి తీసుకుంది. ఇప్పుడది షెడ్డు వెనక నులకమంచం కింద, గోనెసంచి కప్పుకుని ఉంది.

“ఇంకా రాలేదు” అని మొదటి రోజు ఢిల్లీరావుతో నోరు జారి అన్నాడు. రెండో రోజు కావాలనే అన్నాడు. పాత నట్టును కొత్త నట్టని కూడా ఏనాడూ చెప్పని మనిషి! మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తన దాకా వస్తే, ఆ అబద్ధంతో ముట్టకూడదని తీసుకోలేదు. కడుపులో బాగోలేదని పాస్టరుగారితో ఇంకో అబద్ధం. సిగ్గేసింది. అయినా సోమవారం కూడా ఢిల్లీరావు వస్తాడు కదా అని లోలోపల సంతోషమూ వేసింది.

ఇవాళ ఢిల్లీరావు పదింటికే వచ్చాడు. ట్రైలరు మీద నీలంరంగు పడవ, పడవ నిండా మంచాలు, బిందెలు, కుట్టుమిషను.

“ఇంక ఆగలేను మావా. ఇల్లు కాళీ సేసేసినాం. మా ఇంటిదీ పిల్లలూ రేతిరి రైల్లో ఎలిపోనారు. కూలర్ లేకపోనా పర్లేదు, మెల్లగా ఆగుకుంటా ఎల్తాను.”

గేర్ బాక్సు మాడి, నడిరోడ్డు మీద పడవతో సహా ఆగిపోయిన బండి షాలేమ్ రాజు కళ్ళకు కట్టింది. వెనక నుంచి లారీ వస్తే?

“ఉండు. వొచ్చినాది” అన్నాడు.

ఎప్పుడొచ్చిందో చెప్పలేదు. ఢిల్లీరావు అడగలేదు.

బండి ముందరి జాలీ విప్పి, రేడియేటర్‌కు ముందుగా, గాలి నేరుగా తగిలేచోట కూలరును నాలుగు పట్టీలతో నిలబెట్టాడు. నూనె గొట్టాలు రెండు. ఏది వేడిగా బయటికొచ్చేది, ఏది చల్లారి లోపలికి పోయేది అని ఆయన ఎవర్నీ అడగడు. ఇంజను నడిపించి రెంటి మీదా చెరో చెయ్యి వేస్తాడు. లోపలికి పోయే గొట్టాన్ని కోసి మధ్యలో కూలరును కలిపాడు. ఒక్క క్లిప్పు వదులుగా ఉంచితే చాలు, మందస దాటేలోపు నూనె కారి ఢిల్లీరావు వెనక్కొస్తాడు. ఆ ఆలోచన వచ్చింది, దాచడమెందుకు. వచ్చినందుకు తనకే భయం వేసి, ప్రతి క్లిప్పునూ రెండోసారి బిగించాడు. తర్వాత తగ్గినంత ఎర్రటి గేర్ నూనె పోశాడు.

పడవతో సహా సుమ్మాదేవి దాకా వెళ్ళొచ్చారు. లైటు వెలగలేదు. షాలేమ్ రాజు బానెట్ ఎత్తి, లోపలికి పోయే గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. ఐదు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే పని కుదిరినట్టు. ఐదు దాటింది. చెయ్యి తీయలేదు. ఎనిమిది. తొమ్మిది.

“తట్టుకుంటాదా మావా?”

ఇంకో వారం చూద్దాం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“కలకత్తా దాకా ఎల్లొచ్చు” అన్నాడు.

ఆ పూట క్యారేజీ లేదు. ఢిల్లీరావు హోటలు నుంచి రెండు పొట్లాలు తెచ్చాడు. బెంచీ మీద ఎదురెదురుగా కూచుని విప్పారు. సాంబారు చప్పగా ఉంది. సగం తిన్నాక ఢిల్లీరావు తల ఎత్తకుండా అన్నాడు.

“పార్సెల్ వొచ్చినాదని మంగ ఆ రోజే సెప్పీసినాది మావా.”

షాలేమ్ రాజు చేతిలో ముద్ద ఆగిపోయింది.

“మరి అడగలేదేటి?”

“అడిగితే బిగించేత్తావు గదా.” ఢిల్లీరావు అన్నం కెలుకుతూ ఉన్నాడు. “నాకు మట్టుకు ఎల్లాలనుందేటి?”

ఇద్దరూ మిగిలింది తిన్నారు. ఒక్క మెతుకు వదల్లేదు. చేతులు కడుక్కున్నాక ఢిల్లీరావు ఈయన భుజం పట్టుకుని గట్టిగా నొక్కి, “ఎల్లొత్తాను” అని బండెక్కాడు. పికప్పూ దాని వెనక నీలం పడవా ఇచ్ఛాపురం వైపు తిరిగాయి. ఎండకు రోడ్డు మెరుస్తోంది. పడవ కనుమరుగయ్యేదాకా షాలేమ్ రాజు తువ్వాలుతో చేతులు తుడుస్తూనే నిలబడ్డాడు. దయామణిని పంపిన రోజు తర్వాత ఇంత ఖాళీ ఆయనెప్పుడూ ఎరగడు.

మంగ టీ గ్లాసు తెచ్చి బెంచీ మీద పెట్టింది.

“ఎలిపోనాడా రాజన్నా?”

“ఎలిపోనాడు.”

గ్లాసు అందుకోబోయి వంగినప్పుడు చూశాడు. ఢిల్లీరావు బండి ఎప్పుడూ ఉత్తకాళ్ళతోనే నడుపుతాడు. బెంచీ కింద అతని రబ్బరు చెప్పులు, ఎడమదాని తెగిన పట్టీకి పచ్చ వలతాడు ముడి, అడుగున ఇంకా రాలని బారువ ఇసుక.