ఆయన చదవని పేజీలు

“నాటకంల గింతసేపు గిన్నెలు తోముడేందే? జనం కూసుంటరా?” అన్నాడు దామోదర్, రూప రాసిన కాగితాలు తిరగేస్తూ.

రూప అన్నం వారుస్తోంది. గంజి ఆవిరి మొహానికి కొడుతుంటే పక్కకు తిరిగి, “కూసుంటరు” అంది.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. బడులకు తాళాలు, బస్సులు బంద్, గూడూరు సెంటర్లో టెంటు. ఆ టెంటు కింద ఉపాధ్యాయుల తరఫున అన్నీ రూప భర్త దామోదరే. ఆత్మగౌరవం గురించి అతను మాట్లాడితే చేతికర్రల మీద వచ్చిన ముసలివాళ్లు కూడా లేచి జై కొట్టేవాళ్లు. రూప కూడా టీచరే, తనూ సమ్మెలోనే ఉంది. కాకపోతే ఆమె బడి పని ఒక్కటే ఆగింది. పొద్దున లేస్తే ఇంటికొచ్చే నాయకులకు చాయ్, మధ్యాహ్నం టెంటుకు పులిహోర, సాయంత్రం మళ్లీ పొయ్యి. వంటావార్పు నాడు రోడ్డు మీద వండితే పేపర్లో ఫొటో పడింది. అదే చేత్తో ఇంటికొచ్చి మళ్లీ వండుతూ, “గిది గూడ ఉద్యమమేనా అత్తమ్మా?” అని నవ్వితే, “రోజు జేసే పనికి ముచ్చట్లేంది బిడ్డా” అంది అత్త సాలమ్మ.

అయినా ఆ రోజులు తలచుకుంటే రూపకు ఇప్పటికీ గుండె నిండుతుంది. బండ్లు లేని రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడటం, గునుగు పూల పొడి చీరలకంటుకోవడం, పేరు తెలియని ఆడవాళ్లు కూడా “అక్కా, జర జరుగు” అంటూ పక్కన కూర్చోవడం. అంతమంది ఆడవాళ్లతో అన్ని రోజులు ఇంటి బయట గడపడం ఆమె బతుకులో అదే మొదటిసారి. తాళం వేసిన బడి వరండాలో నాటకం రిహార్సల్ జరుగుతుంటే, ఇంటికి పోవాలన్న సంగతే గుర్తొచ్చేది కాదు.

సమ్మె ముప్పయ్యో రోజున మానుకోటలో ఆడటానికి ఒక నాటకం కావాలని దామోదరే అన్నాడు. “తెలుగు టీచర్‌వి గదా, నువ్వే రాయి.” ఆమెకు మొదట గుర్తొచ్చింది పెట్టె అడుగున ఉన్న పాత నవల. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. అది ఇచ్చింది దామోదరే.

అప్పుడు ఆమె రఘునాథపల్లి నుంచి ప్యాసింజర్లో జనగామ డిగ్రీ కాలేజీకి వచ్చేది. ఒక సాయంత్రం జనగామ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే అతను పరుగున వచ్చి పుస్తకం చేతిలో పెట్టాడు. “సదివి ఏడ్సిన రూపా. నువ్వు గూడ సదువు” అన్నాడు. ఆ పుస్తకంలో వసుంధర అనే ఆవిడ ఉంది. ఆమె భర్త తాగడు, కొట్టడు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా నువ్వేమనుకుంటున్నావని అడగడు, అంతే. ఒక మధ్యాహ్నం, ఏ గొడవా లేకుండా, ఆమె వెళ్లిపోతుంది. ఆడదాని బాధ చదివి ఏడ్చిన మగవాడు దొరికాడని రూప మురిసిపోయింది. ఇంట్లో వద్దన్నా అతన్నే చేసుకుంది.

నవలను నాటకం చేయడం అనుకున్నంత సులువు కాలేదు. ఆ రెండు వందల పేజీలూ వసుంధర మనసులోనే జరుగుతాయి. రూప మొదట అన్నీ పొడుగు మాటలుగా రాసి తుల్సీబాయికి చదివి వినిపించింది. తుల్సీబాయి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, తండాలో పాటకు ఆమె తర్వాతే ఎవరైనా. వసుంధర వేషం ఆమెదే. అంతా విని చెంప గోక్కుంది.

“గిన్ని మాటలు మాట్లాడే తీరిక గామెకెక్కడిది టీచరమ్మా? పని జేయనియ్యి. సూసెటోళ్లకు సమజైతది.”

రూప మాటలన్నీ కొట్టేసింది. వేదిక నడుమ కుర్చీలో భర్త. ఆ వేషం డ్రిల్లు సారు వేణుది. అతను మాట్లాడుతూనే ఉంటాడు, వసుంధర నాటకమంతా ఒక్కసారి కూడా కూర్చోదు. మంచినీళ్లు, చాయ్, చెప్పులు, మళ్లీ మంచినీళ్లు. రాస్తుంటే కొన్ని మాటలు తన ఇంట్లోంచే వచ్చి పడ్డాయి. “మా దామోదర్ తాగుడా, కొట్టుడా? ఇంకేం గావాలె నీకు?” అని అత్త ఎప్పుడో అన్నది పేరు మార్చి పెట్టింది. దామోదర్ అదీ చదివాడు. గుర్తుపట్టలేదు.

అతను ఒక్క మార్పు మాత్రం పట్టుబట్టాడు. “ఆఖర్ల వసుంధర, ‘నేనే తెలంగాణ’ అనాలె. మొగడంటే సమైక్య రాష్ట్రం. లేకుంటే ఆడోళ్ల పంచాది అనుకుంటరు.”

రూప ఆ మాట రాసిచ్చింది.

మానుకోటలో ఆ సాయంత్రం రోడ్డంతా జనమే. వేణు మొదటిసారి “మంచినీళ్లు” అని కేకేస్తే ఆడవాళ్లు కిసకిసా నవ్వారు. ఆరోసారికి నవ్వు ఆగిపోయింది. చివర తుల్సీబాయి కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పాల్సిన మాట చెప్పకుండా, వేదిక దిగి జనం మధ్యలోంచి నడిచి వెళ్లిపోయింది. ముందు వరుసలో ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ కదల్లేదు. తెర పక్కనుంచి రూప అదంతా చూస్తోంది.

అంతలో దామోదర్ మైకు అందుకున్నాడు. “గీ వసుంధర ఎవలనుకున్నరు? మన తెలంగాణ తల్లి!” జనం లేచి జై కొట్టారు. ముందు వరుసలో ఆమె కూడా చెంగు దులుపుకుని లేచి చేయెత్తింది. జై అనాల్సినదే, రూప కూడా అంది. కానీ తను రాసినదాన్ని తన కళ్ల ముందే ఎవరో మడిచి జేబులో పెట్టుకున్నట్టయింది. తుల్సీబాయి మెల్లగా వచ్చి, “నోట్లెకు రాలే టీచరమ్మా. అట్ల పోయెటామె ఉపన్యాసం ఇస్తదా?” అంది.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ దామోదర్ అన్నాడు. “నేను మైకు పట్టకుంటే నీ నాటకం ఆగమయ్యేది. అయినా, నవలల లేనిది ఎందుకు పెట్టినవ్?”

“ఏది లేదు?”

“గామె ఎల్లిపోవుడు. నవలల ఎనుకకొస్తది గదా. మొగడు బతిలాడి తోలుకొస్తడు. నేను సదివిన గదనే!”

రూప గ్లాసు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. అతను అబద్ధమాడుతున్నట్టు లేదు, నిజంగానే అట్లా నమ్ముతున్నాడు. నవల సగం నుంచి పేజీలు తడిసి అతుక్కుపోయి ఉండేవి. ఆనాడు తనే బ్లేడు పెట్టి ఒక్కొక్కటీ విడదీసి చదివింది. అతను చదివాక వానకు తడిసిందేమో అనుకుంది. ఇరవై ఏళ్లు అలాగే అనుకుంది. ఆ క్షణం ఆమెకు కోపం రాలేదు. జనగామ ప్లాట్‌ఫాం మీద పుస్తకం గుండెకు హత్తుకుని రైలెక్కిన ఆ పిల్ల గుర్తొచ్చి, దాని మీద జాలి కలిగింది.

వారం తిరక్కుండా భూపాలపల్లి బొగ్గుగని కార్మికులు నాటకం కావాలని కబురు పెట్టారు. ఆ రోజు దామోదర్‌కు వేరేచోట సభ ఉంది. “నువ్వు పోతే అమ్మకెవలు వండుతరు?” అన్నాడు.

“సభ పొద్దుగూకినంక గదా. వండి పో” అంది రూప. పెళ్లయ్యాక అతనికి పని చెప్పడం అదే మొదలు.

ట్రాలీ ఆటోలో అడవి దారిన పాటలు పాడుకుంటూ పోయారు. కార్మికుల కాలనీలో డాలా తలుపు దించి, లారీనే వేదిక చేసుకుని ఆడారు. ఈసారి రూప జనంలో కూర్చుంది. మొగడు “మంచినీళ్లు” అని మళ్లీ కేకేసినప్పుడు, ముత్తమ్మ అనే ముసలామె చెంబు పట్టుకుని తిన్నగా లారీ దగ్గరికి నడిచింది. నీళ్లు వేణుకు కాదు, తుల్సీబాయికి అందించింది. “తాగు బిడ్డా. అప్పటిసంది సూస్తున్న, ఒక్కసారన్న కూసోకపోతివి.” తుల్సీబాయి డాలా అంచున కూర్చుని చెంబెత్తి గటగటా తాగింది. నాటకంలో లేని ఆ ఘట్టాన్ని రూప తడి కళ్లతో చూసింది. ఆ రోజు ఎవరూ మైకు పట్టి అర్థం చెప్పలేదు.

సమ్మె ముగిసింది. తర్వాత వచ్చిన బదిలీల్లో రూప అడవి నడుమ ఉన్న గంగారం బడి కోరుకుంది, ఉండటమూ అక్కడే. హాస్టల్లో చదువుతున్న బిడ్డ పూజకు ముందే ఫోన్ చేసి చెప్పింది. “అక్కడ నాకొక మంచం ఉంచు అమ్మా” అంది పూజ.

కౌన్సెలింగ్ రోజు దరఖాస్తు చూసిన గుమాస్తా తలెత్తాడు. “మేడమ్, దామోదర్ సారు భార్య కదా మీరు? స్పౌజ్ కాలమ్ ఖాళీగా ఉంది. రాస్తే సారు పక్క బడే వస్తది. మర్చిపోయినట్టున్నరు” అంటూ పెన్ను ముందుకు జరిపాడు.

రూప పెన్ను అందుకోలేదు.

“మర్చిపోలే సార్. సోంచాయించి, తెలిసే ఇడిచిపెట్టిన.”