నాలుగు వేళ్ళ వంపు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు అది. నీళ్ళు దిగిపోయినా లైబ్రరీ గోడ మీద మనిషెత్తు మరక అలాగే ఉండిపోయింది. మూల స్తంభం కుంగింది. దానితో పైన చూరు కింద గోడ పొడుగునా సాగే హంసల పట్టీలో పన్నెండు రాళ్ళు రాలి ముక్కలయ్యాయి. రాయికో హంస. ఆ పట్టీ ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు.

కొత్తవి చెక్కే పని మేస్త్రీకి వచ్చింది. తాత నాటి నుంచీ రాతిపని ఇల్లు అతనిది. అయితే ఇంజనీరు ఒక మెలిక పెట్టాడు. ఆరు మేస్త్రీ చెక్కాలి, ఆరు అతని బావమరిది చెక్కాలి. పైకెక్కించాక ఎవరివి బావుంటే సింహద్వారం మీద కొత్తగా పెట్టబోయే పెద్ద రాయి చెక్కే పని వాళ్ళది. ఇంతవరకు ఆ ఊళ్ళో ఏ ద్వారం మీది రాయీ మేస్త్రీ ఇంటివాళ్ళ ఉలి దాటి పోలేదు. ఇప్పుడు తను ఉలి పట్టుకోవడం నేర్పినవాడితో పోటీ. మేస్త్రీకి ఆ రోజు అన్నం సయించలేదు.

బావమరిదికి అన్నీ నేర్పాడు గానీ ఒక్కటి నేర్పలేదు. ఎత్తున పెట్టే బొమ్మ మెడ రెండు వేళ్ళు ముందుకు వంచి చెక్కాలని మేస్త్రీ తండ్రి చెప్పాడు. కింద ఉన్నప్పుడు అది వికారంగా ఉంటుంది. పైకి వెళ్ళాక కుదురుతుంది. ఆ సంగతి మేస్త్రీ కడుపులోనే దాచుకున్నాడు. వాడు మెడలు నిటారుగా చెక్కుతాడు, పైకెక్కాక చచ్చిన హంసల్లా ఉంటాయి, అంతటితో సరి అనుకున్నాడు.

పైగా వాడు పనిలో మెత్తన. రోజూ మధ్యాహ్నం లైబ్రరీకి ఎదురుగా కాలిబాట మీద గోనె పరుచుకుని వెల్లకిలా పడుకునేవాడు. మేస్త్రీ వాడికి నిద్రమొహం అని పేరు పెట్టాడు. పనివాళ్ళంతా అదే పట్టుకున్నారు.

"ఏరా నిద్రమొహం, హంసలు కల్లోకొచ్చి చెక్కించుకుంటున్నాయా?"

"ఊరికే నడుం వాల్చాను బావా."

ఒకరోజు వాడు టీకి వెళ్ళినప్పుడు మేస్త్రీ వాడి రాళ్ళ మీది పట్టా ఎత్తి చూశాడు. మెడలు ముందుకు వంగి ఉన్నాయి. ఎవరో చెప్పేశారు. వేళ్ళు పెట్టి కొలిచాడు. రెండు కాదు, నాలుగు. ముక్కులు గరిటెల్లా ఉన్నాయి. మేస్త్రీకి నవ్వొచ్చింది. చెప్పినవాళ్ళు సగమే చెప్పారు. తప్పు అని వాడితో ఒక్క మాట అనలేదు. పట్టా కప్పేసి ఇంటికి పోయాడు.

భార్య కూరలు తరుగుతోంది.

"మీ తమ్ముడికి మా నాన్న మాట నువ్వే చెప్పావా?"

"ఏ మాట?"

"మెడ వంపు మాట."

"మీరు నాతో రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడరు. అందులో ఈ మెడ మాట ఎప్పుడు చెప్పారో నాకు గుర్తు లేదు."

"మరి వాడికెలా తెలిసింది?"

"వాణ్ణే అడగండి. అడగరు. వాడు పచ్చగా ఉంటే మీకు కళ్ళు కుడతాయి."

"కళ్ళు కుట్టడం కాదు. పని సంగతి."

"ఆ, పని సంగతే," అని ఆమె కత్తిపీట పక్కకు నెట్టింది.

రాళ్ళు పైకెక్కించడానికి రెండు రోజులు పట్టింది. ఎడమ ఆరు మేస్త్రీవి, కుడి ఆరు బావమరిదివి. మూడో రోజు సాయంత్రం పట్టాలు లాగేశారు. ఇంజనీరు వీధిలో నిలబడి తల పైకెత్తాడు. మేస్త్రీ కూడా ఎత్తాడు.

కుడివైపు హంసలు తలలు వంచి, వీధిలోకి తొంగిచూస్తున్నాయి. కాస్త ఆగితే మెట్ల మీదికి దిగేలా ఉన్నాయి. గరిటె ముక్కులు పైకెళ్ళి ముచ్చటైన ముక్కులయ్యాయి. ఎడమవైపు ఆరూ గోడలో దాక్కున్నట్టున్నాయి. వాటికి మెడలే లేవు.

"ఈ కుడివైపువి ఎవరివి?" అన్నాడు ఇంజనీరు.

బావమరిది తల గోక్కుంటూ నేల చూశాడు. పనివాళ్ళు మేస్త్రీ మొహం చూశారు.

"వాడివి," అన్నాడు మేస్త్రీ. అంత బరువు అతను ఎన్నడూ ఎత్తలేదు.

"అయితే ద్వారం రాయి అతనిదే. రేపు పరంజా విప్పేయండి."

అందరూ పోయాక మేస్త్రీ వాణ్ణి ఆపాడు.

"ఎవరు చెప్పార్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదు బావా. మధ్యాహ్నాలు పడుకుని పాత హంసల్ని చూసేవాణ్ణి. వెల్లకిలా పడుకుంటేగా తెలిసేది. తర్వాత పరంజా ఎక్కి వేళ్ళతో కొలిచాను. అన్నిటికీ నాలుగు వేళ్ళే."

"మా నాన్న రెండే అన్నాడు."

"మావయ్య చేసినవన్నీ చిన్న ఇళ్ళు కదా. ఇది మూడంతస్తుల ఎత్తు. అయినా మావయ్య రెండు అన్న సంగతి నాకు నువ్వెప్పుడు చెప్పావు బావా?"

మేస్త్రీ సంచి భుజాన వేసుకుని నడిచాడు. దారి పొడుగునా ఒళ్ళు మండుతూనే ఉంది. ముప్పై ఏళ్ళ నుంచి ఆ పట్టీ కింద నడిచాడు. ఒక్కసారీ పడుకుని చూడలేదు.

మర్నాడు పొద్దున్నే, పనివాళ్ళు రాకముందే లైబ్రరీకి వెళ్ళాడు. బావమరిది గోనె తీసి కాలిబాట మీద పరిచి వెల్లకిలా పడుకున్నాడు. ముందు వాడి ఆరింటిలో తప్పు వెతికాడు. అయిదో హంస కన్ను కాస్త పైకి ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం తన హంసల మీదికి చూపు తిప్పేవరకే ఉంది.

లేచాడు. పరంజా విప్పడానికి వచ్చినవాళ్ళతో, "ఇవాళ ముట్టుకోకండి," అన్నాడు. ఉలి, సుత్తి తీసుకుని ఎక్కాడు. మెడను ముందుకు తేలేడు, చెక్కిన రాయి పెరగదు. మెడ వెనక ఒంటిని లోపలికి తీయగలడు. మొదటి హంస గడ్డం కింద ఉలి పెట్టాడు.

కాసేపటికి కింద బావమరిది గొంతు వినబడింది.

"బావా, పొద్దున్నే అక్కడేం చేస్తున్నావు?"

"గోనె పరిచే ఉంది. పడుకుని ఎలా ఉందో చెప్పు. నీకలవాటేగా."

వాడు పడుకున్నాడు.

"ఇంకో వేలు లోపలికి, బావా."

"అబద్ధం చెప్పావంటే సుత్తి నీ మీద పడుతుంది."

"నిజమే చెబుతున్నా. ఇంకో వేలు."

మేస్త్రీ ఇంకో వేలు తీశాడు.