పడవాయన నాలిక

ఏటి మీద నలభై ఏళ్లు పడవ నడిపిన మనిషి చేతుల్ని చూసుకుని మురిసిపోవాలి. మన పడవాయన మాత్రం నాలికను చూసుకుని మురిసేవాడు. పొద్దున్నే తెడ్డు ముట్టుకోకముందే దోసెడు నీళ్లు తీసుకుని పుక్కిలించి, ఎగువన వాన పడిందో లేదో, ఏ వాగు వచ్చి కలిసిందో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. వీధంతా ఆయన మాటను ముద్ర వేసిన కాగితంలా చూసేది. ఆ మర్యాద ఆయన నెత్తికెక్కింది కూడా.

తోళ్ల ఫ్యాక్టరీ గొట్టం ఏట్లోకి దిగాక చేపలు పోయాయి, రేవులో స్నానాలు పోయాయి. ఆ నీళ్లు నోట్లో పెట్టొద్దని భార్య మొత్తుకుంది. ఆయన వింటేగా.

"ఎలా ఉన్నావని అడక్కుండా ఏటి మీదకి ఎలా ఎక్కుతానే?" అనేవాడు.

కిందటేడు ఒకరోజు నీళ్లు నోట్లో పోసుకుంటే ఏమీ తెలియలేదు. మర్నాడూ అంతే. ఇంటికొచ్చి చిటికెడు ఉప్పు నాలిక మీద వేసుకున్నాడు. ఇసుక వేసుకున్నట్టుంది. వాసనలు కూడా అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు. మబ్బుల్నీ నీటి రంగునీ చూసి వాన కబుర్లు అల్లడం మొదలుపెట్టాడు. కూరెలా ఉందని భార్య అడిగితే అదిరిందనేవాడు.

ఇంతలో గొట్టం మూయించాలా వద్దా అని విచారణ పెట్టారు. నీళ్లు మంచివేనని ఫ్యాక్టరీ దగ్గర కట్టల కొద్దీ కాగితాలున్నాయి. వీధివాళ్ల దగ్గర పడవాయన ఉన్నాడు.

"నువ్వుండగా మాకేంటి బాబాయ్" అన్నారంతా. నిజం చెప్పేయడానికి అదే సమయం. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

విచారణ గదిలో అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. ముందుగా ఒకటే అడిగాడు.

"రోజూ ఆ నీళ్లు నోట్లో పోసుకుంటారట కదా. మీ ఒంటికేమైనా అయిందా?"

అయిందంటే ఇక తన నాలికను ఎవరు నమ్ముతారు?

"నాకేమవుతుందండి, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు పడవాయన.

అధికారి రాసుకున్నాడు. ఫ్యాక్టరీ వకీలు రెండు గ్లాసులు బల్ల మీద పెట్టించాడు. ఒకటి గొట్టానికి పైన ముంచింది, ఇంకొకటి కింద ముంచింది. రెండూ వడకట్టినవే, చూపుకి తేడా లేదు. ఏది కిందిదో రుచి చూసి చెప్పమన్నాడు.

"ఇష్టం లేకపోతే వద్దులెండి" అన్నాడు అధికారి.

పడవాయన రెండూ రుచి చూశాడు. రెండుసార్లు చూశాడు. వెనక భార్యతో సహా వీధంతా కూర్చుని చూస్తోంది. ఎడమ గ్లాసు చూపించి, ఇదే కిందిదన్నాడు.

అది పైది. గొట్టానికి ఇంకో అయిదేళ్లు అనుమతి ఇస్తూ అధికారి సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. "పోనీలే బాబాయ్, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని భుజం తట్టి వెళ్లారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

దారిలో భార్య నెమ్మదిగా అంది. "ఆర్నెల్ల నుంచి నీ కూరలో ఉప్పు వేయట్లేదయ్యా."

ఆయన ఆగిపోయాడు. "తెలిసి కూడా అక్కడ నోరెత్తలేదేం?"

"నలుగురిలో నీ పరువు తీయలేకపోయాను. నువ్వే చెప్తావనుకున్నా." ఆమె ఆయన వైపు తిరిగింది. "ఆ అధికారి అడిగాడు కదయ్యా, ఒంటికేమైనా అయిందా అని. నీ నాలిక చచ్చిపోయిందని ఒక్క మాట అంటే చాలుగా. డాక్టరు చేత రాయించి ఇచ్చేవాళ్లం. అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?"

పడవాయన రోడ్డు పక్కనే చతికిలబడి ఏడ్చాడు. ఆమె లేపలేదు, పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ దోసిలి ముంచాడు. నోటిదాకా తేలేక నీళ్లు వదిలేశాడు. పడవెక్కుతున్న పాలామె అడిగింది.

"ఎగువన వానేమైనా పడిందా బాబాయ్?"

"తెలియదమ్మా. ఏడాదిగా నాకేం తెలియట్లేదు."

ఆమె అర్థం కానట్టు చూసి, క్యాన్లు సర్దుకుని కూర్చుంది.