కాలరు లోపల నా నంబరు

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి నా కొడుకు చనిపోయాడని ఫోను వచ్చింది. వాడు అప్పుడు నా ఎదురుగా కూర్చుని బ్రెడ్డు ముక్కను పాలలో ముంచుకుంటున్నాడు.

"చొక్కా కాలరు లోపల ఈ నంబరు కుట్టి ఉందమ్మా. పసుపు చొక్కా. రాళ్ళ గుంటలో తేలాడు. ఒకసారి రావాలి," అన్నాడు అవతలి మనిషి. పోలీసు గొంతు అయినా మెత్తగానే ఉంది.

నేను వాడి చెయ్యి పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది. మూతి మీద పాలచార కూడా ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషిని. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఫోను ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనే కూర్చున్నాను. తీరా వచ్చాక, ఫోనులో ఉన్నవాడే నిజమేమో, ఎదురుగా ఉన్నవాడు నా ఆశేమో అనిపించింది. కిటికీ ఎండ పాలగ్లాసులో పడి గోడ మీద ఊగుతోంది. గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది.

"ఎవరే?" అన్నాడు మా ఆయన బూట్లు తొడుక్కుంటూ. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు.

"మన పెద్దోడు పోయాడట."

ఆయన వాడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే, వాడికి ఇంకో ముక్క ఇవ్వు," అన్నాడు.

మా పెద్దోడికి పుట్టుకతోనే బుద్ధి నెమ్మది. మాట ఇంకా నెమ్మది. ఒక్కో మాటా లోతు బావిలోంచి తోడుకున్నట్టు వస్తుంది. పగలంతా ఇలాంటి పిల్లల కోసం పెట్టిన కేంద్రంలో ఉంటాడు. పిల్లలని మేం అంటాం గానీ అందరికీ గడ్డాలొచ్చాయి. ఎవరైనా తప్పిపోతే ఇల్లు చేర్చడానికి వీలుగా, అక్కడి ఇరవై మంది చొక్కాల కాలర్ల లోపలా తెల్ల పట్టీ మీద ఎర్రదారంతో ఇంటి ఫోను నంబరు ఉంటుంది. ఆ పట్టీలన్నీ నేనే కుట్టాను. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు సరిచేసే పని నాది.

గుంటలో దొరికినవాడు రైలు. వాణ్ణి అందరం అలాగే పిలుస్తాం. ముందు నడిచేవాళ్ళ చొక్కా కొస వేళ్ళతో పట్టుకుంటే తప్ప అడుగు వెయ్యడు. పట్టుకున్నాడంటే ఎంత దూరమైనా వస్తాడు. మా వాడికి వాడొక్కడే స్నేహితుడు. సోమవారం మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు.

మా వాడు ఇంట్లోనే ఉన్నాడని నేను పోలీసులకు చెప్పుకుంటుండగానే, గుంట దగ్గర మూగినవాళ్ళలో ఎవరో ఆ కాలరు ఫోటో తీసి "మన పేట" గ్రూపులో పెట్టారు. అందులో నాలుగు వందల మంది ఉంటారు. నా నంబరు చాలామందికి తెలుసు. అరగంట పాటు నా కొడుకు ఆ గ్రూపులో చచ్చిపోయి ఉన్నాడు. ఆ అరగంటా నేను పక్కన నిలబడి చూశాను.

"అయ్యో, కుట్టుమిషను ఆవిడ కొడుకా. బంగారం లాంటి పిల్లాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు."

"ఆవిడ వాణ్ణి క్షణం వదలదు కదా. ఎలా పోయాడు?"

"నేననేదీ అదే. ఎప్పుడూ వదలని మనిషి ఆ రోజే ఎందుకు వదిలిందంటారు?"

"నిప్పు లేనిదే పొగ రాదు."

"తప్పుగా అనుకోకండి. ఎన్నాళ్ళని మోస్తారు? వాడికీ విముక్తి, వాళ్ళకీ విముక్తి."

ఈ చివరి మాటకి ముప్పై మంది చేతులు జోడించారు. రాసినావిడ బొమ్మ చోట చిలక ఉంటుంది. ఆవిడ కర్టెన్లు నా మిషను పక్కనే మడతపెట్టి ఉన్నాయి. నా బిడ్డ గ్లాసు అడుగున మిగిలిన తడి బ్రెడ్డును చెంచాతో గీరుకుంటున్నాడు. వాడి చావు మాకెంత హాయో నేను చదువుతున్నాను.

తరువాత ఎవరో సరిదిద్దారు. కుట్టుమిషను ఆవిడ కొడుకు కాదట, ఇస్త్రీ ఆవిడ కొడుకట. ఒకాయనకి మళ్ళీ రాసే ఓపిక లేదు కాబోలు, ముందు పెట్టిందే ఒక మాట మార్చి పెట్టాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడన్నది అలాగే ఉంచాడు. రైలు ముఖానికి నవ్వడం చేతకాదు. సంతోషమైతే కళ్ళు మూసుకుంటాడు, అంతే.

సోమవారం ఏం జరిగిందో చెప్పాలి. కేంద్రంలో రోజుకొక తల్లి వంతు ఉంటుంది. ఆ రోజు నాది. మధ్యాహ్నం రంగులు వేయించారు. రైలు నీలం రంగు నీళ్ళ మగ్గు తన మీద ఒంపుకున్నాడు. వాళ్ళమ్మ తొడిగి పంపిన ఆకుపచ్చ గళ్ళ చొక్కా తడిసి ముద్దయింది. తడి చొక్కాతో ఉంటే జలుబు, జలుబు నుంచి జ్వరం, జ్వరం నుంచి ఆసుపత్రి. అంత దూరం ఒక్క అంగలో వెళ్ళిపోతాను నేను. మా వాడి సంచిలో అదనంగా పెట్టిన పసుపు చొక్కా తీసి వాడికి తొడిగాను. టీచరమ్మ అవతలి గదిలో ఉంది. గుండీలు పెడుతుంటే వాడు కళ్ళు మూసుకున్నాడు. ఉతికి తెద్దామని గళ్ళ చొక్కా నా సంచిలో వేసుకున్నాను. గేటు తీసి చెత్తబుట్ట బయట పెట్టి వచ్చాను. మూడింటికి వ్యాను వచ్చేసరికి రైలు లేడు.

గేటు గడియ వేశానా? వంతు వచ్చిన ప్రతిసారీ ఆ గడియను మూడుసార్లు తడిమి చూస్తాను. ఇన్నేళ్ళలో వందలసార్లు వేసి ఉంటాను. ఇనుము చల్లదనం, కొక్కెం దిగిన చప్పుడు, అన్నీ నా చేతికి గుర్తే. ఆ వందల్లోంచి ఆ సోమవారంది ఒక్కటి తీసి చూపించమంటే చేత కావడం లేదు.

ఆ సాయంత్రం రైలు ఫోటోతో గ్రూపులో ప్రకటన వచ్చింది. "ఆకుపచ్చ గళ్ళ చొక్కా వేసుకున్నాడు." వాళ్ళమ్మకి తెలిసింది అదే. పసుపు అని రాయబోయాను. చొక్కా మార్చింది నేనంటే, ఆఖరున చూసింది నువ్వేనా అంటారు. నేనేనంటే, మరి గేటు ఎవరు వేశారంటారు. రాసింది చెరిపేశాను. దొరుకుతాడులే, ఎక్కడికి పోతాడు అనుకున్నాను. జన్మలో మొదటిసారి మేలెంచాను.

బుధవారం పోలీసులు, మీ నంబరు అతని చొక్కాలోకి ఎలా వచ్చిందని అడిగితే, "కట్టలకొద్దీ కుడతాను సార్, పట్టీ మారిపోయి ఉంటుంది," అన్నాను. మిషను మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

ఆ మధ్యాహ్నం పళ్ళబండి ఆయన గ్రూపులో రాశాడు. సోమవారం నాలుగింటికి గుంట దారిలో పసుపు చొక్కా కుర్రాడు ఒకడు తన చొక్కా వెనక పట్టుకుని కొంత దూరం వచ్చాడట. విదిలించుకుంటే ఆగిపోయాడట. ప్రకటనలో గళ్ళ చొక్కా అన్నారు కాబట్టి వీడు కాదులే అని ఊరుకున్నాడట. "ఇప్పుడు అన్నం సయించట్లేదండి," అని కూడా రాశాడు.

ఇక అక్కడి నుంచి పట్టుకున్నారు.

"అంటే తల్లి కావాలనే వేరే చొక్కా చెప్పిందన్నమాట."

"కన్నతల్లికి బిడ్డకి ఏం తొడిగిందో తెలియదా?"

"నుదుటి మీద దెబ్బ ఉందట. అది చెప్పరేం?"

"ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయట, మునిగే పోయాడట. మునిగాడా, ముంచారా అన్నదే ప్రశ్న."

గురువారం పొద్దున్నకి పోలీసులు రైలు వాళ్ళమ్మను రెండుసార్లు పిలిపించారు.

ఆ రోజు చిలకబొమ్మ ఆవిడ కర్టెన్లు కుడుతూ మిషను మీదే కునికాను. సూది కింది నుంచి తెల్ల పట్టీ వస్తూనే ఉంది. దాని నిండా నా నంబరే, ఎర్రగా, ఆగకుండా. పట్టీ గుమ్మం దాటి వీధిలోకి పోతోంది. వీధిలో నీళ్ళు మోకాటి లోతున మెల్లగా పారుతున్నాయి. పట్టీ కొస పట్టుకుని రైలు నడుస్తున్నాడు, కళ్ళు మూసుకుని, ఎవరో పిలిచినట్టు. నేను కాలు తీస్తే మిషను ఆగుతుంది, వాడూ ఆగుతాడు. కాలు రావడం లేదు.

"చెయ్యి కుట్టుకుంటావే," అని మా ఆయన లేపాడు. భోజనానికి వచ్చాడు. పెద్దోడు ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన ఫోను చూస్తూ, "పసుపు చొక్కా మనకీ ఒకటుండాలి కదే, లిఫ్టు కంపెనీ వాళ్ళిచ్చింది?" అన్నాడు.

నేను కంచాలు పెట్టసాగాను. పెద్దోడు పలికాడు. "అమ్మ..." అన్నాడు. చాలాసేపు ఆగాడు. "రైలుకి... వేసింది."

"ఏంటిరా?"

"వాడికేం తెలుసు. ఏదో అంటుంటాడు," అన్నాను నేను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. బళ్ళో టీచర్లు అన్నప్పుడు, డాక్టరు అన్నప్పుడు, మా అత్తగారు అన్నప్పుడు, వాడికి తెలుసండీ, కాస్త ఆగి వినండి అని ఇరవై ఆరేళ్ళు బతిమాలుకున్న నోటితోనే అన్నాను.

పెద్దోడు చెంచా కింద పెట్టాడు. "తెలుసు," అన్నాడు. ఈసారి మాట కోసం బావిలోకి దిగలేదు.

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. చెప్పేశాను. ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. "ముందు ఆవిడకి చెప్పు," అన్నాడు. "నేనూ రానా?"

"వద్దు. వీణ్ణి తీసుకెళ్తా."

రైలు వాళ్ళమ్మ ఇల్లంటే ముందు గది నిండా బట్టల మూటలే. బల్ల, ఇస్త్రీపెట్టె, ఆవిరి. ఆ ఆవిరిలో ఆవిడ సగమే కనబడుతోంది. ఎవరిదో దుప్పటి ఇస్త్రీ చేస్తోంది.

"రా అమ్మా. ఏమీ అనుకోకు, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి," అంది. "వీళ్ళ బట్టలేమో ఇంకా నాకే పంపుతున్నారు. హంతకురాలైనా మడత బాగా పెడుతుందని కాబోలు."

నేను నిలబడే చెప్పాను. రంగునీళ్ళు, చొక్కా, గేటు, ప్రకటన, పోలీసులకి చెప్పిన అబద్ధం. ఇస్త్రీపెట్టె మధ్యలో ఆగింది. దుప్పటి కాలుతున్న వాసన వచ్చాక ఎత్తింది.

"సోమవారం సాయంత్రమే తెలుసన్నమాట నీకు."

"తెలుసక్కా."

"నేను ఆ వీధులన్నీ గళ్ళ చొక్కా, గళ్ళ చొక్కా అని అరుచుకుంటూ తిరిగాను. నువ్వు నా పక్కనే తిరిగావు."

తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. ఆవిడ పెద్దోడి వైపు చూసి, "వాడికి ఆ చొక్కా నచ్చిందా బాబూ?" అని అడిగింది.

పెద్దోడు ఆలోచించి కళ్ళు గట్టిగా మూసుకుని చూపించాడు.

ఆవిడ ముఖం దుప్పటిలో దాచుకుంది. ఆవిరి తగ్గేదాకా అలాగే ఉంది. తరువాత ముక్కు తుడుచుకుని, "నిన్ను క్షమించే ఓపిక నాకిప్పుడు లేదు. అడక్కు," అంది. "ఫోను తియ్యి. రాయి."

రాశాను. చొక్కా నేను మార్చాను, ఆవిడకి తెలియదు, తెలిసీ నేను చెప్పలేదు అని రాశాను.

"గేటో?"

"వేశానో లేదో గుర్తు లేదక్కా. నిజంగా."

"అదే రాయి. వేశాననీ వద్దు, వేయలేదనీ వద్దు. గుర్తు లేదని రాయి."

పంపాను. ఒక్క నిమిషం ఏమీ లేదు. తరువాత మొదలైంది. నాకు అప్పుడే తెలుసు అన్నారు ఒకరు. కుట్టుమిషను ఆవిడ ముఖంలోనే ఉంది అన్నారు ఇంకొకరు. పాపం ఇస్త్రీ ఆవిడ, మేం ఎప్పుడూ అనుమానించలేదు అని చిలకబొమ్మ ఆవిడ రాసింది. నా కొడుకు చచ్చిపోయిన అరగంటలో చదివిన మాటలే ఇవీ. కొత్తగా భయపడటానికి ఏమీ మిగల్లేదు.

"చాలు, లోపల పెట్టు," అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ. "పద స్టేషనుకి."

స్టేషనులో రాసుకునే ఆయన నా మాటంతా రాసుకున్నాడు. "ఇదంతా ఇప్పుడు చెబుతున్నారు. నిన్న వేరేగా చెప్పారు. చొక్కా మార్చినప్పుడు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మా అబ్బాయి ఉన్నాడు."

ఆయన పెద్దోడిని పైనించి కిందికి చూశాడు. గొంతు తగ్గించి, "ఇతనికి తెలుస్తుందా అమ్మా?" అన్నాడు.

"తెలుస్తుంది సార్. మీరు కాస్త ఆగాలి, అంతే."

ఆయన గడియారం చూశాడు. రైలు వాళ్ళమ్మ కుర్చీ లాగి పెద్దోడిని ఆయన ఎదురుగా కూర్చోబెట్టి వాడి వెనక నిలబడింది. ఆయన పాత కాగితం తీసేసి కొత్తది పెట్టి, వాడి వైపు తిరిగాడు.

"చెప్పు బాబూ. ఏం చూశావు?"

"రైలు..." అన్నాడు మా వాడు.

పైన ఫ్యాను తిరుగుతోంది. తరువాతి మాట ఇంకా దారిలో ఉంది. నేను అందివ్వబోయి ఆగాను. ముగ్గురం ఎదురు చూస్తున్నాం.